ఇంజనుకీ పుట్టుమచ్చలు

మన చిన్నప్పుడు ఎస్సెస్సెల్సీ పుస్తకంలో రెండు పుట్టుమచ్చలు రాయించేవారు, గుర్తుందాండీ? మోచేతి మీద ఒకటి వెంటనే దొరికింది గానీ, రెండోదాని కోసం నేను క్లాసులో నానా అవస్థా పడ్డాను. కార్లకీ ఈ పుట్టుమచ్చల గొడవ ఉందని ఈమధ్యే తెలిసింది.

అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు 1969 నాటి షెవర్లే కమారో ఒకటి బేరమాడాడు. అందులోనూ జెడ్-28 రకం.

"కారుతో పుట్టిన ఇంజనేనట పెద్దమ్మా, అందుకే అంత ధర!"

"పుట్టినప్పుడు ఎవరు చూశార్రా?" అన్నాను. దాంతో చరిత్ర మొదలెట్టాడు.

అక్కడ కారుకో గుర్తింపు నంబరు వెయ్యడం 1954 ప్రాంతంలో వాడుకలోకొచ్చింది. ఎవరి పద్ధతి వారిదే. అందరికీ ఒకే తీరున 17 స్థానాల నంబరు 1981లో గాని రాలేదు. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలుండవు. ఒకటనో సున్నా అనో పొరబడతామని!

ఆ కమారో నంబరుకి 13 స్థానాలే. ఆరోది 9 అయితే 1969 మోడలు. ఏడోది ఎన్ అయితే ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ. ఎనిమిది సిలిండర్లని చెబుతుంది గాని, ఏ ఇంజనో చెప్పదు. జెడ్-28 అనీ చెప్పదు. అయితే ఆ నంబరులోని ముఖ్యమైన అంకెల్ని ఇంజను మీదా, గేరుబాక్సు మీదా కూడా పొడిచేవారు. అవే దాని పుట్టుమచ్చలు.

మావాడు చూస్తే అన్నీ సరిపోయాయి. అయినా ఊరుకోక, ఇంజను పోతపోసిన తేదీ వెతికాడు. నెలకో అక్షరం: జనవరికి ఏ, ఫిబ్రవరికి బి. అక్కడున్నది ఇ, అంటే మే నెల. బాడీకి కొట్టిన రేకు మీదేమో 03బి, అంటే మార్చి రెండో వారం. రెండూ 1969లోనివే.

పెళ్ళి మార్చిలో, పెళ్ళికొడుకు పుట్టింది మేలో!

ఎవరో వేరే ఇంజను తెచ్చి, దాని నంబరు అరగదీసి, ఈ కారు నంబరు పొడిచారన్నమాట. అమ్మేది పాపం ఒక పెద్దాయన. పాతికేళ్ళ క్రితం తనూ నమ్మి కొన్నాడట. తేదీలు చూపిస్తే మాట్లాడకుండా బానెట్ మూసేసి, మెట్ల మీద కూర్చుండిపోయాడట.

"మరి వదిలేశావా?" అన్నాను.

"లేదు పెద్దమ్మా. ఇంజను వేరేదని రసీదులో రాయమన్నాను. ఆయనే ధర తగ్గించి, రాసి సంతకం పెట్టాడు. కారు తెచ్చేసుకున్నా."

ఫోను పెట్టేసి మా స్కూటరు ఆర్‌సీ తీసి చూశాను. ఛాసిస్ నంబరు ఒకటి, ఇంజను నంబరు ఒకటి. దానికి రెండు పుట్టుమచ్చలూ దొరికాయి. నాకే ఇప్పటికీ రెండోది దొరకలేదు సుమండీ!