రాజమహేంద్రవరమున నిలిచిన చిత్రములు

ఉదయగిరి దుర్గము గజపతుల చేతినుండి శ్రీకృష్ణదేవరాయల వశమైనది క్రీ. శ. 1514లో. ముట్టడి యించుమించుగా ఏడాదిన్నర సాగెను. దుర్గము లొంగిన పిమ్మట రాయలు అచ్చటి బాలకృష్ణమూర్తిని హంపీ విజయనగరమునకు గొనిపోయి, ఆ మూర్తికై యొక గొప్ప యాలయమును గట్టించి, 1515లో ప్రతిష్ఠ జరిపించెను. ఆ కృష్ణాలయము నేటికిని హంపిలో నున్నది. మూర్తి మాత్రము అచ్చటను నిలువలేదు. భిన్నమై, కడకు చెన్నపట్టణపు మ్యూజియమునకు జేరినది. ఉదయగిరి కొండక్రింద పుట్టి పెరిగినవాడు తన సీమ శిల్పమును జూడగోరినచో చెన్నపట్టణమునకు ప్రయాణము గట్టవలసినదే.

రాయలు ఆ మూర్తిని భక్తితో గొనిపోయెనేకాని యపహరణబుద్ధితో గాదని యొప్పుకొనవలెను. అయినను శిల్పమైనను చిత్రమైనను తాను పుట్టినచోటనే యుండునను నమ్మకము లేదు. తన్ను నిలిపి పోషించువారున్నచోటికి బోవును. రాజులున్న దినములలో ఆ వ్యయమును బొక్కసము భరించెను. రాజులు పోయిన వెనుక ఆ భారము ఎవరి తలపై బడినది, వారు దానిని ఎట్లు మోసిరి యనుటకు గోదావరీమండలమున 1923వ సంవత్సరమున జరిగిన రెండు సంగతులు చక్కని నిదర్శనములు.

అందొకటి కాకినాడది. ఆ సంవత్సరము డిసెంబరు కడపటి దినములలో మౌలానా మహమ్మదాలీ యధ్యక్షతన అచ్చట కాంగ్రెసు మహాసభ జరిగెను. సభతోపాటు ఖద్దరు ప్రదర్శనము నొకదానిని గూడ నేర్పరచిరి. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయి వంగదేశమునుండి వచ్చి దానికి ప్రారంభోత్సవము గావించెను. ప్రవేశమునకు టిక్కెట్టు పెట్టిరి. ద్వారమున నిలిచిన స్వయంసేవకులలో దుర్గాబాయి యను పదునాలుగేండ్ల బాలిక యుండెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు ఆజ్ఞ. అంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చెను. ఆయనయొద్ద టిక్కెట్టు లేదు. బాలిక అడ్డగించెను. నిర్వాహకులు కలవరపడి పరుగున వచ్చి ఆమెను మందలింపగా, తాను మీరు చెప్పినట్లే చేయుచున్నానని ఆమె యుత్తరమిచ్చెను. టిక్కెట్టు కొని తెచ్చిన పిదపనే నెహ్రూ లోనికి బోయెను. ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకొనెను కూడ. ఆమెయే తరువాత ఆంధ్రమహిళాసభను స్థాపించి, రాజ్యాంగసభలో సభ్యురాలై, దుర్గాబాయి దేశముఖ్ అని దేశమంతట ప్రసిద్ధికెక్కినది.

ఈ కథను మనవారు ఆమె ధైర్యమునకు దృష్టాంతముగా జెప్పుదురు. జమాఖర్చులు చూచువారి కండ్లకు అందు మరియొక సంగతి కనబడును. మన పల్లెలలో నాటకము పెట్టినను, హరికథ పెట్టినను, ముందువరుస కుర్చీలు పెద్దలకు ఉచితము. చాప పరచుకొని వెనుక గూర్చున్న కూలివానియొద్ద మాత్రము డబ్బులు ముక్కుపిండి వసూలు చేయుదురు. పెద్దలు చందా వేయుదురుగదా యందురేమో. వేసిన చందా పుస్తకమునకెక్కును, చేతికి రావలసినది ఉగాది దాటినను రాదు. అట్టి లెక్కకు కాకినాడ ద్వారమున తావు దొరకలేదు.

అయితే ఖద్దరు ప్రదర్శనము కొన్ని దినముల పని. సభ ముగిసెను, పందిళ్లు విప్పిరి, బట్ట బేళ్లకెక్కినది. చిత్రముల సంగతి అట్టిది గాదు. చూచువారు ఇండ్లకు బోయిన తరువాతనే వాని పోషణవ్యయము మొదలగును. ఆ వ్యయమును భరించిన కథ రాజమహేంద్రవరమున నడచినది.

అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే యను ఆంగ్లేయుడు ప్రధానోపాధ్యాయుడుగా నుండెను. ఆయన స్వయముగా చిత్రకారుడు, కవి. తెలుగు పిల్లలలో చేతివాటమున్నవారిని జూచినచో ఆయనకు కన్నకొడుకులను జూచినట్లుండెడిది. అడవి బాపిరాజు, కవికొండల వేంకటరావు, వరద వెంకటరత్నము, దామెర్ల రామారావు ఆయన చుట్టు చేరినవారే. రామారావు 1897లో రాజమహేంద్రవరముననే పుట్టెను. కూల్డ్రే ప్రోత్సాహముచేత, సహాయముచేత 1916లో బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలకు బోయి, నాలుగేండ్లు అభ్యసించి, 1920లో తిరిగివచ్చెను. అప్పటికే కూల్డ్రే సీమకు మరలిపోయియుండెను. బొంబాయిలోనే నిలిచినచో రామారావునకు ధనవంతుల యాశ్రయము దొరకకపోదు. ఆయన యింటికి వచ్చి, 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పి, పిల్లలకు కుంచె పట్టుట నేర్పసాగెను. 1922లో కలకత్తా ప్రదర్శనమున ఆయన చిత్రమునకు బహుమానము వచ్చెను. 1924లో లండను నగరము చెంత వెంబ్లీలో జరిగిన మహాప్రదర్శనమున ఆయన చిత్రము లుంచబడెను. పేరు సముద్రములు దాటినది, మనిషి గోదావరి గట్టుననే యుండెను.

1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికము ఆయనను గొనిపోయెను. వయస్సు ఇరువదియెనిమిది నిండలేదు.

ఇంటినిండ చిత్రములు మిగిలెను: ముప్పదికిపైగా తైలచిత్రములు, నూటికి మించిన నీటిరంగుల చిత్రములు, లెక్కకు మిక్కిలి పెన్సిలు గీతలు. భర్త పోయిన చిన్నదానికి అవి ఆస్తియా, భారమా? పేరుపొందిన చిత్రకారుని చిత్రములు గనుక ఒక్కొక్కటిగా నమ్మినచో కొనువారుందురు. అమ్మినచో పైకము వచ్చును, చిత్రములు దేశదేశములకు చెదరిపోవును. అమ్మకున్నచో చట్రములు కావలెను, అద్దములు కావలెను, చెదలంటని గోడ కావలెను, గోదావరి తేమకు రంగు పొరలు లేవకుండ కనిపెట్టుకొని యుండు మనిషి కావలెను. ఇదంతయు ఖర్చేకాని రాబడి గాదు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరద వెంకటరత్నము ఈ రెండవ దారినే బట్టిరి. ఆ స్త్రీలిరువురును స్వయముగా చిత్రలేఖనము నేర్చినవారే. వెంకటరత్నమును గూర్చి రెండుమాటలు చెప్పక తప్పదు. ఆయనయును చిత్రకారుడే, తన పేరు, తన చిత్రములు అని యాయన వెళ్లిపోయియుండినచో తప్పుపట్టువారు లేరు. పోయిన స్నేహితుని బొమ్మలను కాపాడుటకును, అతడు పెట్టిన పాఠశాలను నడుపుటకును ఆయన తన జీవితమును వెచ్చించెను. ఈ ఖర్చు ఏ చిట్టాలోను వ్రాయబడలేదు.

పిమ్మట చిత్రశాల ప్రభుత్వము చేతికి వచ్చినది. రాజమహేంద్రవరమున గోదావరి గట్టుమీద దామెర్ల రామారావు చిత్రశాల నేటికిని యున్నది. ఆ యూరి బండివాడైనను, బడిపిల్లవాడైనను తన యూరివాడు వ్రాసిన చిత్రమును తన యూరనే చూడగలుగుచున్నాడు.

ఇక మన సీమకు వత్తము. ఉదయగిరిలో నర్ది, బిక్కి, కల్ది మొదలైన అడవికర్రలతో చెంచాలు, గరిటెలు, దువ్వెనలు చెక్కు కుటుంబములు గలవు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు గూడ లభించినది. నగరములలోని హస్తకళల ప్రదర్శనములలో వానిని జూచి మెచ్చి కొనువారు అనేకులు. సీతారామపురము పిల్లలలో చెక్కువాని యెదుట గూర్చుండి ఉలి నడుచుట చూచినవారెందరు? బెజవాడలో 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు గ్రంథాలయసభను సమకూర్చిన కాలమునుండి తెలుగు పల్లెలు అణాచందాలతో పుస్తకములను బీరువాలకెక్కించుకొనినవి. ఆ బీరువాల నడుమ రెండు బల్లలు వేసి, తెల్లగుడ్డ పరచి, నాలుగు చెంచాలు, నాలుగు దువ్వెనలు ఉంచుటకు అగు వ్యయము బల్లల బాడుగ, దీపపు ఖర్చు, వచ్చిన పనివానికి దారిబత్తెము, రెండుపూటల భోజనము, పోయిన పనిదినములకు కూలి. ఈ కడపటిదానినే కార్యకర్తలు తరుచు మరతురు. పనివానికి పొగడ్త చాలుననుకొందురు.

సీతారామపురమునకు దాపుననే భైరవకోన యున్నది. అచ్చట ఎనిమిది శివాలయములను పల్లవులనాటి చాయలతో కొండరాతిలోనే తొలిచిరి. ద్వారపాలకులు, స్తంభములమీది సింహములు పండ్రెండువందల యేండ్లుగా అచ్చటనే యున్నవి. అవి కొండలో భాగములు గనుక ఏ రాజును బండికెత్తలేకపోయెను.