ఎం. ఎన్. రాయ్‌కి దక్కనిది, కళా వెంకటరావుకి దక్కినది

1940లో రామ్‌గఢ్ కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఇద్దరు పోటీ చేశారు. మౌలానా ఆజాద్‌కు 1854 ఓట్లు వచ్చాయి. రెండవ అభ్యర్థికి వచ్చినవి 183. ఆ రెండవ వ్యక్తి మానవేంద్రనాథ రాయ్. 1920లో మాస్కోలో వలస దేశాల సమస్యపై లెనిన్‌తోనే వాదించి, తన సిద్ధాంత పత్రాన్ని కూడా కొద్ది సవరణలతో ఆమోదింపజేసుకున్న మేధావి. మెక్సికోలో కమ్యూనిస్టు పార్టీ స్థాపకులలో ఒకడు.

ఆ దశాబ్దంలోనే మన కోనసీమ ముక్కామలకు చెందిన కళా వెంకటరావు మదరాసు రాష్ట్రంలో రెవెన్యూ మంత్రి అయ్యారు. ఆ తరువాత అఖిల భారత కాంగ్రెసు ప్రధాన కార్యదర్శి కూడా అయ్యారు. ప్రపంచ విప్లవ చరిత్రలో ఆయన పేరు వెదికినా కనిపించదు. ఈ తారుమారుకు కారణమేమిటి?

అదృష్టమనో, గాంధీగారి ఇష్టానిష్టాలనో చెప్పి ఊరుకోవచ్చు. అందులో కొంత నిజమున్నా, అది చాలదు. రాయ్ 1915లో దేశం విడిచి వెళ్ళి 1930 చివరలో రహస్యంగా తిరిగివచ్చాడు. 1931లో బొంబాయిలో పట్టుబడి 1936 నవంబరు దాకా జైలులో ఉన్నాడు. అంటే సహాయ నిరాకరణ, ఉప్పు సత్యాగ్రహం రెండూ ఆయన లేకుండానే జరిగాయి. సరిగ్గా ఆ రోజులలోనే తాలూకా సంఘాలు, జిల్లా సంఘాలు ఏర్పడ్డాయి. జైలు గదులలో స్నేహాలు కుదిరాయి. కళా వెంకటరావు ఎదిగింది ఆ సంఘాలలోనే. రాయ్ బయటకు వచ్చేనాటికి కాంగ్రెసు ఒక సిద్ధాంతం కాదు, ఒక బంధుత్వం. అందులోకి ఆయన తర్కంతో ప్రవేశించబోయాడు.

తరువాత యుద్ధం వచ్చింది. ఫాసిజం గెలిస్తే స్వాతంత్ర్యమే ఉండదని, కనుక యుద్ధానికి తోడ్పడాలని రాయ్ వాదించాడు. ఫాసిజం గురించి ఆయన అంచనా తప్పు కాదు. కాని 1942లో ఊరూరా కాంగ్రెసు కార్యకర్తలు జైళ్ళకు పోతున్నారు. అప్పుడే ఆయన కార్మిక సమాఖ్యకు ప్రభుత్వం నుంచి నెలకు 13,000 రూపాయలు ముట్టాయి. కొడుకును జైలుకు పంపిన తల్లి ఫాసిజం గురించిన ఉపన్యాసం వింటుందా? సత్యం చెప్పడం వేరు, కష్టకాలంలో పక్కన నిలబడడం వేరు. ప్రజలు రెండవదానినే గుర్తుంచుకుంటారు.

ఆంధ్రదేశంలో రాయ్ వెనుక నడిచినవారిని చూడండి: అబ్బూరి రామకృష్ణారావు, త్రిపురనేని గోపీచంద్, పాలగుమ్మి పద్మరాజు. గోపీచంద్ రాడికల్ డెమొక్రాటిక్ పార్టీ ఆంధ్ర శాఖకు కార్యదర్శిగా కూడా పనిచేశారు. ఏ పార్టీకైనా అసూయ కలిగించే సాహిత్య ప్రతిభ అది. అయినా 1946 ఎన్నికలలో ఆ పార్టీ తుడిచిపెట్టుకుపోయింది. మన కథా సాహిత్యానికి మాత్రం మేలు జరిగింది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టక ముందు కూడా గోదావరిలో నీరుంది. కాలువలు తవ్విన తరువాతనే, గన్నవరం వద్ద వైనతేయ పాయమీదుగా అక్విడక్టు నిర్మించిన తరువాతనే, ఆ నీరు రాజోలు పొలాలకు చేరింది. రాయ్ వద్ద నది ఉంది, కాలువలు లేవు.

అయితే కాలువల నాయకత్వానికీ దాని మురుగు దానికుంది. 1947లో ప్రకాశం మంత్రివర్గాన్ని పడగొట్టింది ప్రతిపక్షం కాదు, సొంత పార్టీవారే. ఆ ముఠాల తగవులో కళా వెంకటరావు ప్రకాశంగారికి ఎదుటి పక్షంలో ఉన్నారు. సంఘాలను నిర్మించే నేర్పే సంఘాలను చీల్చడానికీ పనికివస్తుంది. కనుక గెలిచినవారిదే ఆదర్శమని నేననను.

ఇందులో విచారించవలసిన విషయం మరొకటి ఉంది. రాయ్ 1944లో స్వతంత్ర భారతానికి ఒక రాజ్యాంగ ముసాయిదా రాశాడు. గ్రామగ్రామాన ప్రజాసంఘాలే దానికి పునాది. ఆ పునాది వేయగలిగిన నేర్పు కళా వెంకటరావు వంటివారికి ఉంది. వేయాలన్న ఊహ రాయ్‌కి ఉంది. 1948లో రాయ్ తన పార్టీనే రద్దు చేసి, పార్టీలే ప్రజాస్వామ్యానికి అడ్డమని తేల్చాడు. అందులో దూరదృష్టి ఉంది. ఓటమి చేదు కూడా ఉందని నా అనుమానం. 1954లో డెహ్రాడూన్‌లో ఆయన కన్నుమూశాడు. ఊహ ఒకరి దగ్గర, నేర్పు మరొకరి దగ్గర మిగిలిపోవడంవల్ల నష్టపోయింది ఆ ఇద్దరూ కాదు, గ్రామాలు.