జేబుపిస్తోళ్ల సంగ్రహము

1776వ సంవత్సరమున హైదరాలీ గుత్తిదుర్గమును ముట్టడించినపుడు మురారిరావు ఘోర్పడే లొంగిపోవుటకు నీటికొఱత ముఖ్యకారణము. అంతటి కఱవుసీమయగు అనంతపురపు పీఠభూమిని తలంచుకొనుచు, ఐరోపాఖండపు జేబుపిస్తోళ్లను సేకరించువారి వేడుకను గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని ఆయుధములను ప్రోగుచేయుట యననేమో ఈ సీమ తన యనుభవముచేత నెఱుగును.

1800లో నిజాము ఈ ప్రాంతములను కుంఫిణీవారికి వదలుకొనెను. అప్పటికి దత్తమండలములలో ఎనుబదిమంది పాళెగాండ్రుండిరి. థామస్ మన్రో ప్రధాన కలెక్టరై వచ్చి, మొదట అనంతపురమున మకాము పెట్టి, 1807 వఱకు అధికారము నెఱపెను. జనరల్ క్యాంబెల్ సేనల సహాయముతో పాళెగాండ్రు అణపబడిరి. వారి సాయుధపరివారములు చెదరిపోయెను. పిమ్మట 1878 నాటి ఆయుధచట్టము, దేశీయులు లైసెన్సు లేక ఆయుధము ధరింపరాదని శాసించి, ఐరోపీయులకు మాత్రము మినహాయింపు నొసగెను. దానితో తుపాకి ఆత్మరక్షణసాధనమగుటకంటె ఎక్కువగా అధికారచిహ్నమయ్యెను. ప్రజలు దానినిజూచి భయపడిరి. కలిగినవారు దానినే కోరుకొనిరి. 1930లో గాంధీమహాత్ముడు వైస్రాయికి దెలిపిన పదునొకండు కోరికలలో, ఆత్మరక్షణకై తుపాకుల లైసెన్సులు ఇయ్యవలెననునది యొకటి. అహింసావ్రతుడు అట్లు కోరుటను జూడగా ఆ చట్టమువలని అవమాన మెంతటిదో మనకు బోధపడును.

ఇది ప్రభుత్వము చేసిన సంగ్రహము. ఇక రసికులు చేయు సంగ్రహమును జూతము. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులోని ప్రయాణికులు దారిదోపిడిదొంగలకు వెఱచి, కోటుజేబులో నిముడు చెకుముకిపిస్తోళ్లను వెంట నుంచుకొనెడివారు. కొన్నింటి గొట్టమును మరవలె త్రిప్పి యూడదీసి, మందును గుండును నింపి, మరల బిగింపవలసియుండెను. బెల్జియమునందలి లియేజి నగరము తుపాకుల పనితనమునకు పేరుగాంచినది. దానిచెంత హెర్స్‌టాల్‌లో 1889లో నెలకొల్పబడిన కార్ఖానా, అమెరికాదేశీయుడగు జాన్ బ్రౌనింగు కల్పించిన చిన్నపిస్తోలును 1906లో వెలువరించెను. అది సుమారు నాలుగున్నర అంగుళముల పొడవుగలది. దాని పిడిలో ఆఱు తూటాలు పట్టును. బ్రౌనింగు 1926లో లియేజిలోనే, పనిలోనుండగనే, కన్నుమూసెను.

అరచేతిలో నిముడు వస్తువునందు అన్ని మీటలును స్ప్రింగులును ఒకదానికొకటి తగులకుండ అమర్చుట సామాన్యమైన పనితనము గాదు. మంచి కంసాలి చేసిన నగను త్రిప్పిత్రిప్పి చూచినట్లు సంగ్రాహకుడు దానిని చూచును. అంతకు మించిన యాకర్షణ అందలి ముద్రలయందు గలదు. లియేజి పరీక్షాశాలవారు పిస్తోలును పరీక్షించి, కోడిగ్రుడ్డువంటి గీతలో ఈ, ఎల్, జి అను అక్షరములను ముద్రించెడివారు. లేపాక్షి శాసనమును చదువువాడు లిపినిబట్టి కాలమును నిర్ణయించునట్లు, ఇట్టి ముద్రలనుబట్టి సంగ్రాహకుడు ఊరును, కాలమును, ఒక్కొక్కయెడ చేసినవానిని గూడ గుర్తించును. ఇదియు చరిత్రాధ్యయనమే యని మేమంగీకరింతుము.

అయినను ఈ వేడుకలో ఒక ముల్లు గలదు. కత్తి దూసినవాడు పదిమందికి కనబడును. జేబుపిస్తోలునకు కనబడకపోవుటయే గుణము. 1914లో సరయెవో నగరమున ఆస్ట్రియా యువరాజును చంపినది హెర్స్‌టాల్ కార్ఖానావారి చిన్నపిస్తోలే. 1948 జనవరి 30వ తేదీన మహాత్ముని ప్రాణములు గొన్నది ఇటలీదేశపు బెరెట్టా పిస్తోలు. మనము మెచ్చుకొను పనితనమే ఆ ఘోరములకు తోడ్పడినదని మఱచి, నగిషీని మాత్రము పొగడుట సగము చరిత్ర.

మఱి పారవేయవలెనా? వలదు. 1931 ఫిబ్రవరి 27వ తేదీన చంద్రశేఖర ఆజాదు చేతనుండిన కోల్టు జేబుపిస్తోలు అలహాబాదు మ్యూజియమున నున్నది. అది అమెరికాలో తయారైనదే యైనను, దానిని కల్పించినవాడు ఆ బ్రౌనింగే. అద్దము వెనుక దానినిజూచువారికి హత్య గాక త్యాగము జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదున సాలార్జంగు మ్యూజియములోని ఆయుధశాలయు 1951 నుండి లోకులకు తెఱవబడిన సంగ్రహములో భాగమే. 1878 చట్టమునకు బదులు వచ్చిన 1959 ఆయుధచట్టము గూడ, పురాతనవిలువ గలిగి మరమ్మతు చేసినను తుపాకిగా వాడుకకు రాని వస్తువును వేఱుగా నెంచి మినహాయించినది.

ఈ భేదమును రాయలసీమ పల్లెలు ముఖ్యముగా గ్రహింపవలెను. కక్షల కాలమున ఇంటిలో ఆయుధముండుట పౌరుషమని యెంచి ఎన్ని కుటుంబములు చెడినవో పెద్దల నడిగిన చెప్పుదురు. అటకమీద రహస్యముగా దాచిన పిస్తోలు సంగ్రహము గాదు, భయము. దానినే చట్టప్రకారము అధికారులకు దెలిపి, పేలకుండ జేసి, ఎవరిదో, ఎక్కడిదో, ఏనాటిదో వ్రాసిన చీటితో మ్యూజియమున నుంచినచో బాలురకు పాఠమగును. చీటి లేని తుపాకి పాత యినుముక్రింద అమ్ముడుపోవును. దానితో ఒక ఇంటి చరిత్రయు పోవును.

గుత్తికొండ నెక్కు విద్యార్థులకు మురారిరావు శౌర్యముతోపాటు ఆ దుర్గపు నీటితొట్లను గూడ చూపవలెను. ఆయుధములను చరిత్రగా చూడ నేర్చిన సీమ తన బలమును ఆ తొట్లలో వెదకుకొనునని మా యాశ.