ల్యుబెరాన్ సైకిల్ యాత్రా మార్గం

ఫ్రాన్సు ఆగ్నేయాన, ప్రోవాన్స్ ప్రాంతంలో ల్యుబెరాన్ అనే కొండల వరుస తూర్పు పడమరలుగా పడుకుని ఉంటుంది. దాని చుట్టూ సుమారు 235 కిలోమీటర్ల మేర సాగే సైకిల్ మార్గం ఇది. కవయాన్‌లో మొదలై ఆప్ట్, ఫోర్కల్కియె, మనోస్క్, పెర్తుయి, లూర్మరాన్ ఊళ్ల మీదుగా తిరిగి కవయాన్ చేరుతుంది. పడమటి సగం వోక్లూజ్ జిల్లాలోనూ, తూర్పు భాగం ఆల్ప్-ద-ఓత్-ప్రోవాన్స్ జిల్లాలోనూ ఉన్నాయి. దారిలో చాలాభాగం 1977లో ఏర్పడిన ల్యుబెరాన్ ప్రాంతీయ ప్రకృతి ఉద్యానవనంలోదే. కొండల్లో ఎత్తైన శిఖరం మూర్ నెగ్ర్, 1,125 మీటర్లు.

ఈ మార్గం కోసం కొత్తగా వేసిన రోడ్డు చాలా తక్కువ. ద్రాక్షతోటలకూ చెర్రీ తోటలకూ ట్రాక్టర్లు తిరిగే సన్నని తారు రోడ్లు, రైళ్లు ఆగిపోయిన పాత పట్టాల దారి, వాహనాలకు మూసేసిన రోమన్ వంతెన: ఉన్నవాటినే కలిపి, బోర్డులు నాటి, ఒక యాత్రగా కూర్చారు. దక్షిణ ఫ్రాన్సులో పల్లెల మీదుగా సైకిల్ మార్గాలు ఇంకా ఉన్నాయి. 1666–81 మధ్య పియెర్-పోల్ రికే తవ్వించిన మిడీ కాలువ గట్టు వెంట ఒకటి, జెనీవా సరస్సు నుంచి రోన్ నది వెంబడి మధ్యధరా తీరం దాకా మరొకటి ప్రసిద్ధం. కాలువ గట్టున దారి చదును, నీడ చల్లన, కానీ ఊళ్లు పక్కన ఉండిపోతాయి. ల్యుబెరాన్‌లో ఊరి నడిబొడ్డు గుండానే వెళ్లాలి. పల్లెను చూడటానికే సైకిలెక్కేవారికి ఇదే మేలైన దారి.

సైకిల్ యాత్రకు ప్రోవాన్స్‌తో ఉన్న బంధం పాతది. వెలోసియో అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన పోల్ ద వివీ 1853లో ఇక్కడికి దగ్గరలోని పెర్న్ పట్టణంలోనే పుట్టాడు. సాంత్-ఎతియెన్‌లో స్థిరపడి ‘ల సిక్లిస్త్’ పత్రిక నడిపాడు. పోటీ కోసం కాక ఊళ్లు చూడటానికి సైకిల్ తొక్కడాన్ని ఒక ఉద్యమంగా మలిచాడు. బరువుతో ఎక్కుడు ఎక్కాలంటే ఒకటే గేరు చాలదని పట్టుబట్టినవాడు ఆయనే. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో గేరు మార్చే డెరెయిలర్‌ను 1937 దాకా అనుమతించలేదు. యాత్రికులు మాత్రం దాని విలువ అంతకు ఎంతో ముందే గ్రహించారు. ఆకలి కాకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి, ఒళ్లు అలిసిపోయేదాకా తొక్కకూడదు, గొప్ప చూపించుకోవడానికి అసలే తొక్కకూడదు: శాకాహారి అయిన వెలోసియో చెప్పిన ఈ నియమాలు వేసవి ప్రోవాన్స్‌లో ఇవాళ్టికీ అక్షరాలా పనికొస్తాయి.

కవయాన్ నుంచి ఆప్ట్ వరకు

కవయాన్ కర్బూజాలకు పేరుపడ్డ ఊరు. అక్కడి నుంచి దారి రెండు పాయలవుతుంది. ఒకటి కలవోన్ ఏటి లోయలో పాత రైలు మార్గం మీద వేసిన దారి. రోబియోన్ దగ్గర అందుకుంటే ఆప్ట్ దాటి తూర్పుకు తీసుకెళ్తుంది. రైలింజను నిటారు ఎక్కుడు ఎక్కలేదు గనుక ఆ దారి అంతా నెమ్మది వాలు. పిల్లలతో వెళ్లేవారికి ఇదే తగినది. అసలు చుట్టుమార్గం మాత్రం కొండ పల్లెలను పట్టుకుని ఒపెద్, మెనెర్బ్, లాకోస్ట్, బోన్యో ఊళ్ల మీదుగా ఎక్కుతూ దిగుతూ పోతుంది.

ఈ ఊళ్లన్నీ గుట్టల కొసన కట్టినవే. మధ్యయుగాల్లో దోపిడీలకూ యుద్ధాలకూ భయపడి జనం కోట నీడన, ఎత్తున, గోడకు గోడ ఆనించి ఇళ్లు కట్టుకున్నారు. కాలం కుదుటపడ్డాక పొలాల దగ్గరికి దిగిపోయారు. పాత ఒపెద్ 20వ శతాబ్దం తొలినాళ్లకు దాదాపు ఖాళీ అయిపోయింది. శిథిల కోట, దాని కింద చర్చి, కొన్ని బాగుచేసిన ఇళ్లు ఇప్పుడు మిగిలాయి. బ్రిటిష్ రచయిత పీటర్ మేల్ 1989లో ప్రచురించిన పుస్తకంతో మెనెర్బ్‌కు ప్రపంచమంతా పేరొచ్చింది. ఆ పేరుతో పాటే వేసవిలో కార్లూ పెరిగాయి. లాకోస్ట్‌లో రచయిత మార్కీ ద సాద్ కోట ఉంది. బోన్యో పైన 1860లలో అట్లాస్ పర్వతాల విత్తనంతో పెంచిన దేవదారు అడవి ఉంది. ఎక్కుడు కష్టమైనా పైన దొరికే నీడ ఆ శ్రమను తీరుస్తుంది.

బోన్యో నుంచి లోయలోకి దిగితే పాంట్ జులియన్. ఇటలీని స్పెయిన్‌తో కలిపిన వియా డొమిషియా రహదారి మీద క్రీ.పూ. 3 ప్రాంతంలో రోమన్లు కట్టిన మూడు కమానుల రాతి వంతెన ఇది. వరద నీరు పొంగితే దూసుకుపోయేందుకు స్తంభాల్లో కిటికీల వంటి ఖాళీలు వదిలారు. 2005 దాకా దీని మీదుగా కార్లు తిరిగాయి! పక్కనే కొత్త వంతెన కట్టాక పాతదాన్ని పాదచారులకూ సైకిళ్లకూ వదిలేశారు. రెండు వేల ఏళ్ల రాళ్ల మీద ఇంజను మోత లేకుండా దాటిపోగలగడం ఈ మార్గానికి దక్కిన గొప్ప వరం. దాటగానే పాత రైలు దారి కలుస్తుంది. అక్కడి నుంచి ఆప్ట్‌కు శ్రమ లేదు.

శనివారం సంతకూ, చక్కెర పాకంలో ఊరబెట్టిన పండ్లకూ ఆప్ట్ ప్రసిద్ధి. ఇక్కడి నుంచి రూసియోన్, గర్గాస్, రుస్ట్రెల్ ఊళ్లను చుట్టివచ్చే సుమారు 50 కిలోమీటర్ల కాషాయమట్టి చుట్టును వదులుకోకూడదు. ఒకప్పటి సముద్రపు ఇసుకలో ఇనుము తుప్పు పట్టి పసుపు, నారింజ, ఎరుపు రంగులుగా మారింది. ఆ ఇసుకను నీళ్లతో కడిగి రంగుమట్టిని వేరుచేసి ఇళ్ల గోడలకు వేసే పరిశ్రమ 18వ శతాబ్దంలో ఇక్కడ మొదలైంది. కృత్రిమ రంగులు వచ్చాక క్షీణించింది. రూసియోన్‌లో ఇళ్లన్నీ ఆ మట్టి రంగులోనే ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీల నుంచి తప్పించుకుని రచయిత శామ్యూల్ బెకెట్ తలదాచుకున్నది ఈ ఊళ్లోనే.

తూర్పు, దక్షిణ భాగాలు

ఆప్ట్ దాటాక పర్యాటకుల రద్దీ పలచబడుతుంది. కవి రెనె షార్ నాజీలకు వ్యతిరేకంగా గెరిల్లా దళం నడిపిన సెరెస్త్ దారిలో వస్తుంది. తర్వాత సోమవారం సంత సాగే ఫోర్కల్కియె; ఆ పైన, నవలాకారుడు జాన్ జియోనో 1895లో పుట్టి 1970లో కన్నుమూసిన మనోస్క్. అక్కడ దారి మలుపు తిరిగి కొండల దక్షిణ పార్శ్వాన పడమటికి మళ్లుతుంది.

ఈ వైపు చెప్పుకోవలసిన ఊళ్లు కుకురోన్, లూర్మరాన్. కుకురోన్‌లో నిలువెత్తు ప్లేన్ చెట్ల మధ్య నలుచదరపు చెరువు ఉంది. మధ్యాహ్నం ఎండలో ఆగడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. సాహిత్యంలో నోబెల్ అందుకున్న మరుసటి ఏడాది, 1958లో, రచయిత ఆల్బెర్ట్ కామూ లూర్మరాన్‌లో ఇల్లు కొన్నాడు. 1960 జనవరిలో కారు ప్రమాదంలో చనిపోయాక ఆయన్ను ఖననం చేసిందీ ఈ ఊరి శ్మశానంలోనే.

ఈ దారిలో అన్నిటికన్నా బరువైన చరిత్ర మెరిండోల్‌ది. పోప్ అధికారాన్ని ఒప్పుకోని వాల్డెన్సియన్లు అనే క్రైస్తవ శాఖవారు ఈ లోయల్లో సేద్యం చేసుకుని బతికేవారు. 1545 ఏప్రిల్లో ఎక్స్ నగరంలోని న్యాయసభ తీర్పును అమలుచేసే పేరుతో సైన్యం వారి మీద పడింది. మెరిండోల్‌ను తగలబెట్టారు. ఇరవైకి పైగా గ్రామాలు ధ్వంసమయ్యాయి, లాకోస్ట్, లూర్మరాన్ కూడా అందులో ఉన్నాయి. ఆ దాడికి నాయకత్వం వహించిన న్యాయసభ అధ్యక్షుడు జాన్ మేనియె ఒపెద్ ప్రభువు. యాత్ర తొలి గంటల్లో చూసిన శిథిల కోట ఆయనదే. మెరిండోల్ పాత ఊరి గోడలు ఇప్పటికీ గుట్ట మీద నిలిచి ఉన్నాయి. సైకిల్ కింద పెట్టి అక్కడికి నడిచి వెళ్లకపోతే యాత్ర సగమే అయినట్టు.

గాలి, ఎండ, వసతి

మిస్ట్రాల్ ఉత్తరం నుంచి వీచే చల్లని పొడి గాలి. రోన్ లోయలో గంటకు 100 కిలోమీటర్లు దాటి కొడుతుంది. పాత ఇళ్లు ఉత్తరానికి వీపు పెట్టి కట్టడానికీ, తోటలకు ఉత్తరాన సరుగుడు చెట్లలా బారులు తీరిన సైప్రస్ పెంచడానికీ కారణం ఇదే. గాలి పడమటి వాలుగా మళ్లిన రోజున తూర్పుకు పోయేవారికి సాయం చేస్తుంది, పెర్తుయి నుంచి తిరిగొచ్చేవారికి ఎదురవుతుంది. అలాంటి రోజున దక్షిణ భాగానికి ఎక్కువ సమయం పెట్టుకోవాలి. ఏ దిశన వెళ్తున్నారో దారి బోర్డుల రంగే చెబుతుంది: ఒక దిశకు తెల్లవి, ఎదురు దిశకు కాషాయరంగువి.

మే, జూన్, సెప్టెంబరు నెలలు అనుకూలం. లావెండర్ పూత కోసమైతే జూన్ చివరి నుంచి జులై మధ్య వరకు రావాలి. గోర్ద్ దగ్గర 1148లో స్థాపించిన సెనాంక్ మఠం ముందరి తోట అప్పుడే విరబూస్తుంది. 1,910 మీటర్ల వాంటూ పర్వతం పక్కన సో పీఠభూమిలో కోత ఆగస్టు దాకా సాగుతుంది. అదే కాలంలో కార్చిచ్చు ముప్పు ఎక్కువైతే అడవి దారులను అధికారులు మూసేస్తారు, కాబట్టి ముందు రోజు సాయంత్రమే కనుక్కోవాలి.

పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసి ఉంటాయి. చాలా రొట్టెల అంగళ్లకు సోమవారం సెలవు. రొట్టె, పండ్లు పొద్దున్నే కొనుక్కోవాలి. ‘నాన్ పొటాబ్ల్’ అని రాసిన ఊటకొళాయి నీళ్లు తాగకూడదు. సైకిల్ యాత్రికులకు అనువైన బసలు ‘అక్కయ్ వెలో’ గుర్తు పెడతాయి: సైకిల్‌కు భద్రమైన చోటు, మరమ్మతు పనిముట్లు దొరుకుతాయి. ఊరి బయట సైకిల్‌ను దాటే వాహనం కనీసం మీటరున్నర ఎడం వదలాలన్నది ఫ్రాన్సు చట్టం. చీకట్లో ఊరి బయట మెరిసే జాకెట్ తప్పనిసరి.

ఇక ఎన్ని రోజులు కావాలంటే, గడువులోగా దూరం ముగించే బ్రెవే పద్ధతి కూడా ఫ్రాన్సుదే. హైదరాబాద్‌లోని దూరయాత్రా సైకిలిస్టులు (రాండనర్లు) 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో పూర్తిచేసే నియమాలు పారిస్ ఆడాక్స్ క్లబ్బు నుంచి వచ్చినవే. ఆ అలవాటున్నవారు ల్యుబెరాన్‌ను ఒక్క రోజులో చుట్టేయగలరు. కానీ ఇక్కడ ప్రతి పది కిలోమీటర్లకూ ఆగదగ్గ ఊరు ఒకటి వస్తుంది. ఐదారు రోజులు కేటాయించడం న్యాయం. అవిన్యోన్ నుంచి కవయాన్‌కు ప్రాంతీయ రైళ్లున్నాయి, వాటిలో సైకిల్‌ను విప్పకుండానే ఎక్కించవచ్చు.