ఫిజిక్స్ చదివినవాళ్లకు పేటెంట్ పని: ఏ దారిలో వెళ్లాలి?

బీఎస్సీలో ఫిజిక్స్ తీసుకుంటానని పిల్లలు అనగానే ఇంట్లో వచ్చే ప్రశ్న ఒకటే: "తర్వాత బీఎడ్డేనా?" బీఎడ్ మంచిదే. కానీ ఫిజిక్స్ పట్టా ఉంటే వెళ్లగలిగే ఇంకో పని ఉంది. దాని పేరు మన బగ్దల్ వైపు పెద్దగా వినపడదు.

కొత్తగా కనిపెట్టిన వస్తువు మీదో, పద్ధతి మీదో ప్రభుత్వం ఇచ్చే హక్కే పేటెంట్. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది. తెలంగాణలో ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం, తల్లి ఆసు పోయలేక పడే కష్టం చూసి 'లక్ష్మీ ఆసు యంత్రం' తయారుచేశారు, దానికి పేటెంట్ పొందారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి యంత్రంలో కొత్తదనం ఎక్కడుందో పట్టుకుని, చట్టం ఒప్పుకునే మాటల్లో రాసిపెట్టేవాళ్లు కావాలి. అదే పేటెంట్ పని. (మన బిద్రి పనికి ఉన్నది పేటెంట్ కాదు, భౌగోళిక గుర్తింపు. రెండూ కలపకండి.)

ఇందులో ఫిజిక్స్ ఎందుకంటే, 1970 పేటెంట్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం శాస్త్ర సూత్రాన్ని కనిపెట్టినంత మాత్రాన పేటెంట్ రాదు. కాంతి వక్రీభవనం ఎవరి సొత్తూ కాదు. దాన్ని వాడి ఎవరూ చేయని కొత్త లెన్సు చేస్తే, దానికి రావచ్చు. ఈ గీత ఎక్కడ పడుతుందో చెప్పాలంటే సబ్జెక్టు లోతుగా తెలియాలి. ఐన్‌స్టీన్ 1902 నుంచి 1909 దాకా స్విట్జర్లాండ్‌లోని బెర్న్ పేటెంట్ ఆఫీసులోనే పనిచేశారు. 1905 నాటి ఆయన ప్రసిద్ధ పరిశోధనా పత్రాలు ఆ ఉద్యోగంలో ఉండగా రాసినవే.

మొదటి దారి పేటెంట్ ఏజెంట్. భారత పౌరులై, 21 ఏళ్లు నిండి, సైన్సు లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే చాలు, లా చదివి ఉండక్కర్లేదు. పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్షలో 100 మార్కుల పేపర్లు రెండు, 50 మార్కుల మౌఖికం ఉంటాయి. ఒక్కో పేపర్లో 50 శాతం, మొత్తం మీద 60 శాతం రావాలి. ప్రతి ఏడూ తప్పకుండా జరిగే పరీక్ష కాదు, నోటిఫికేషన్ కోసం కనిపెట్టుకుని ఉండాలి. ఏజెంటు పేటెంట్ ఆఫీసు ముందు వాదించవచ్చు గానీ కోర్టులో కాదు. కోర్టు కావాలంటే డిగ్రీ తర్వాత మూడేళ్ల లా చేయాల్సిందే.

రెండోది ప్రభుత్వ ఉద్యోగం: పేటెంట్ ఎగ్జామినర్. గ్రూప్ ఎ గెజిటెడ్ పోస్టు, ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం 56,100 రూపాయల దగ్గర మొదలవుతుంది. 2023లో 553 పోస్టులు వేస్తే అందులో ఫిజిక్స్‌కు 30. దీనికి ఎమ్మెస్సీ కావాలి, బీఎస్సీతో ఆపితే కుదరదు. మనవాళ్లకు కలబురగి, హైదరాబాద్ రెండూ అందుబాటులోనే ఉన్నాయి.

ఇక ప్రైవేటు సంస్థలు. పాత పేటెంట్లు వెతికి "ఇది ముందే ఉందా?" అని తేల్చే పనితో చాలామంది మొదలుపెడతారు. హైదరాబాద్‌లో మందుల కంపెనీలు ఎక్కువ, అక్కడ కెమిస్ట్రీవాళ్లకే గిరాకీ. సెమీకండక్టర్లు, ఎలక్ట్రానిక్స్ వైపు చూస్తే ఫిజిక్స్ పిల్లలకు బెంగళూరే మేలని మా అభిప్రాయం. హైదరాబాద్ నల్సార్‌లో, బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో, ఇగ్నోలో ఈ చట్టాల మీద డిప్లొమాలున్నాయి. కానీ డిప్లొమా ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు.

అసలు అడ్డంకి ఇంగ్లిషు. దరఖాస్తులు ఇంగ్లిషులో లేదా హిందీలోనే ఉండాలి, ప్రతి క్లెయిమూ ఎంత పొడవున్నా ఒకే వాక్యంగా రాయాలి. తెలుగులో చదివినవాళ్లకు ఇది చేతకాదనుకోవద్దు. విషయం సొంత భాషలో బాగా అర్థమైనవాళ్లు ఆ వాక్యం నేర్చుకోగలరు, కాకపోతే పీయూసీ నుంచే సాధన మొదలుపెట్టాలి. ప్రభుత్వ 'ఇన్‌పాస్' వెబ్‌సైటులో మన దేశపు పేటెంట్లు ఉచితంగా చదవొచ్చు. ప్రెషర్ కుక్కరో, సైకిలో, తెలిసిన వస్తువుతో మొదలుపెట్టండి.