కెమెరా ముందు తామే కూర్చుండిన వారు

ఛాయాగ్రహణవిద్య లోకమునకు వెల్లడియైన 1839వ సంవత్సరమున దానిని చేపట్టినవారిలో నిపుణు డనదగినవాడు దాదాపు లేడనియే చెప్పవలెను. దీపములు చేయువాడు, సర్కారు కచేరీలోని గుమాస్తా, రసాయనశాలలోని పండితుడు, ఎవరి వృత్తిలో వారుండి, కొత్త విద్య వార్త చెవిని బడినంతనే పెట్టె యొకటి కూర్చుకొని ప్రయత్నించినవారే. అట్టివారికి మొదట నెదురైన చిక్కు, ఎదుట కదలక కూర్చుండు మనుష్యుడు దొరకకపోవుట. మండుటెండలో నిమిషములకొలది బిగుసుకొని నిలువుమన్నచో ఎంతటి ఆప్తుడైనను ఒకమారు నిలుచును గాని, రెండవమారు పిలిచినప్పుడు పని యున్నదని తప్పుకొనును. కావున నేర్చుకొనువానికి ఎల్లవేళల చేతికందు మనిషి తా నొక్కడే. తన రూపమును తానే తీసికొనుట అహంకారమునుండి పుట్టిన వాడుక యని తలచుట సులభము. నాకు మాత్రము అది ఈ యక్కరనుండియే పుట్టినదనియు, అంతరంగమును వెల్లడించు నేర్పు దాని వెంట పిలువకయే వచ్చి చేరినదనియు తోచుచున్నది.

ఫిలడెల్ఫియా నగరమున రాబర్ట్ కొర్నీలియస్ అను ముప్పది యేండ్ల యువకుడు తన యింటివారి దీపముల వ్యాపారమున పనిచేయుచు, లోహమునకు మెరుగు పెట్టుటయందును వెండిపూత పూయుటయందును చేయి తిరిగినవాడై యుండెను. అక్కడి టంకశాలలో నున్న జోసెఫ్ సాక్‌స్టన్, పారిస్‌లో డాగేర్ అనువాడు వెలయించిన ఛాయాగ్రహణపద్ధతిని పరీక్షింపగోరి, వెండిరేకు సిద్ధము చేసి యిమ్మని యడుగుటతో ఇతని మనస్సు ఆ విద్యపైకి మరలినది. రాగిరేకుపై వెండి పూసి, అందు తన మొగము కనబడునంతవరకు తోమి, అయొడిన్ ఆవిరి పట్టించి, కెమెరాలో వెలుగు సోకించి, పిమ్మట వేడి పాదరసపు ఆవిరికి చూపగా బింబము పైకి తేలును. రేకు ఎంత నునుపైన చిత్ర మంత స్ఫుటము. దీపపు కుందులకు తళుకు తెచ్చు చేతికి అది తెలియని పని కాదు. తగరపు పెట్టెకు నాటకశాల దుర్భిణిలో వాడు కటకము నొకదానిని బిగించి, ఆ యేటి శరత్కాలమున ఆరుబయట నెలకొల్పి, తానే మూత తీసి, పరుగున పోయి ఎదుట నిలిచి, కొన్ని నిమిషములు నిశ్చలుడై యుండి, మరల తానే వచ్చి మూత పెట్టెనని చెప్పుదురు. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు గదా! అంతసేపు వెలుగు సోకవలసిన రేకుపై, పరుగెత్తి వచ్చిన రెండు మూడు క్షణముల కదలిక జాడయైనను మిగులదు. ఆనాటి రేకుల మాంద్యమే ఒంటరివానికి ఉపకారమైనది.

వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో నిలిచియున్న ఆ చిత్రమున మనిషి చట్రమునకు నడుమ లేడు, ఒక ప్రక్కకు జరిగియున్నాడు. జుట్టు చెదరినది, చేతులు కట్టుకొని యున్నాడు, చూపులో కొంత సందేహము, కొంత పట్టుదల. నీవు కుడికి జరుగుమని చెప్పువాడు ప్రక్కన లేడు. ఆ లేమియే చిత్రమునకు ప్రాణమైనది. పిమ్మట ఇతడు స్టూడియో పెట్టి, పాల్ బెక్ గొడార్డ్ అను రసాయనశాస్త్రజ్ఞుని తోడ్పాటుతో బ్రోమిన్ చేర్చి వెలుగు సోకు కాలమును తగ్గించి, నగరవాసుల రూపములను ఎంతో పనితనముతో తీసి యిచ్చెను. వానిని చూచినవారు మెచ్చుకొందురు. తొలి వంకర చిత్రమును చూచినవారు మాత్రము కొంతసేపు కదలరు. కొన్ని యేండ్లకే అతడు స్టూడియో మూసి, దీపములకే మరలిపోయెను.

పారిస్ నగరపు ఆర్థికశాఖలో గుమాస్తాయైన ఇపోలిట్ బయార్ కథ మరియొక తీరు. డాగేర్ పద్ధతి 1839 ఆగస్టు 19న బహిరంగము కాకమునుపే, జూన్ 24న, ఇతడు కాగితముపై తీసిన ముప్పది చిత్రములను ప్రదర్శనకు పెట్టియుండెను. ఐనను డాగేర్ పక్షము వహించిన శాస్త్రజ్ఞుడు అరాగో ఇతనిని కొంతకాలము ఓపిక పట్టుమనెనట. డాగేర్‌కు ఏటేట 6,000 ఫ్రాంకుల భరణమేర్పడగా, ఇతనికి పరికరములకై 600 ఫ్రాంకులు మాత్రమే ముట్టినవి. ఇట్టి యన్యాయమునకు అర్జీలు వ్రాయువా రుందురు, వ్యాజ్యమాడువా రుందురు. బయార్ 1840 అక్టోబరులో తన శవమును తానే చిత్రించెను. మొలకు వస్త్రము చుట్టుకొని, కన్నులు మూసి, తల వాల్చి, గోడకు చేరగిలబడిన ఆ దేహము ప్రక్కన ఒక గడ్డిటోపీ. చిత్రము వెనుక, సర్కారు డాగేర్‌నే కరుణించినందున ఈ యభాగ్యుడు నీట దూకి చచ్చెననియు, శవమును అడుగువారు లేరనియు, మొగమును చేతులును కుళ్లుచున్నవి గనుక చూపరులు జరిగిపోవుట మేలనియు భావము వచ్చునట్లు వ్రాసికొనెను. ఎండకు కమిలిన చర్మపు టెరుపు ఆ కాగితముపై నల్లగా పడును. ఆ లోపమునే అతడు కుళ్లుగా వాడుకొనెను. రెప్పపాటు బింబమును మసకపరచు దీర్ఘకాలమున కన్నులు తెరచి యుండుట కష్టము. శవమునకు ఆ బాధ లేదు! పద్ధతిలోని ప్రతి కుంటును కథలోని యొక యక్షరముగా మార్చిన ఈ కచేరీ గుమాస్తాకు మించిన గడుసువాడు ఈ విద్యలో నాకు కనబడలేదు. చచ్చినట్లు నటించిన ఆ మనిషి 1887 వరకు బ్రతికియుండెను.

విద్య వృత్తిగా మారినకొలది కథ వేరైనది. మెడ వెనుక ఇనుప ఊతమును నిలిపి, చిత్రించిన తెరను దించి, చేయి ఇక్కడ, చూపు అక్కడ అని నిర్ణయించువాడు ఛాయాగ్రాహకుడే గాని కూర్చుండినవాడు కాడు. మన సికింద్రాబాదున స్టూడియో నడిపి ఆరవ నిజాము కొలువున పేరు గాంచిన రాజా దీన్ దయాళ్ చేతిలో నవాబులు, దొరలు, సేనానులు ఎంత ఠీవిగా కూర్చుండిరో! ఆ ఠీవిలో సగము ఆయనది. 1892లో హైదరాబాదున పర్దా స్త్రీల కొరకు ఆయన వేరుగా నెలకొల్పిన స్టూడియోను ఒక ఆంగ్లవనిత నడిపెను.

ఆ శతాబ్దముననే చిత్రములు తీయుట వేడుకగా నేర్చిన రాజులు కొందరు తమను తామే కెమెరా ముందుకు తెచ్చుకొనిరి. జయపురాధీశుడు సవాయి రామసింహుడు (1835–1880 పాలన) తడి గాజుఫలకములపై చిత్రములు తీసి, తన రూపమును పలువేషములలో నిలుపుకొనెను. వానిలో విభూతి రేఖలతో, రుద్రాక్షమాలలతో, పూజాసామగ్రి నడుమ కూర్చుండిన శివభక్తుని వేషమే నాకు మిన్నగా కనబడును. కత్తిని, కిరీటమును చూపుటకు ఆయనకు ఆస్థానచిత్రకారు లుండిరి. ఈ చిత్రమునకు వారితో పని లేదు. త్రిపుర మహారాజు వీరచంద్ర మాణిక్యుడు రాణి మనమోహినీదేవిని దగ్గరకు తీసికొని, రెండవచేత కెమెరాను నడపు మీటను పట్టుకొని తీసికొనిన చిత్రము కూడ ఇట్టిదే. రాణి భుజముపై చేయి వేయుమని మహారాజుతో చెప్పగల స్టూడియో యజమాని ఆ రోజులలో ఎక్కడ నుండును?

ఈ వరుసలో అందరికన్న ఎక్కువకాలము తన్ను తాను చూచుకొనినవాడు ఉమ్రావు సింగ్ షేర్‌గిల్ (1870–1954). పంజాబునందలి మజీఠియా వంశీయుడు, సంస్కృత పారసీక పండితుడు, చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి యైన ఈయనకు ఫోటో జీవనోపాధి కాదు. హంగరీలోను, సిమ్లాలోను, పారిస్‌లోను, ఎక్కడ కాపుర మున్నను కెమెరా వెంట నుండెను. పుస్తకముల నడుమ చింతామగ్నుడుగా నొకచోట, గోచి మాత్రము ధరించి యోగాభ్యాసకుడుగా మరియొకచోట కనబడును. యౌవనమునుండి వార్ధకమువరకు శరీరము ఎట్లు మారుచున్నదో దాపరికము లేక నమోదు చేసికొనిన ఆ చిత్రములు అంగడి కొరకు తీసినవి కావు. కుమార్తె అమృత పిమ్మట రంగులతో తన రూపమును మరల మరల చిత్రించుకొనుటకు తండ్రి యలవాటు కొంత కారణమై యుండునని ఊహించుట తప్పు కాదు. 2001–02 ప్రాంతమున ఆయన దౌహిత్రుడు వివాన్ సుందరం ఆ చిత్రములను, అమృత చిత్రములను కంప్యూటరుపై ఒకదానితో నొకటి కలిపి నూతనచిత్రములను కూర్చెను. ఆ కూర్పులు నేర్పు గలవియే. ఐనను, ప్రక్క నెవ్వరును లేక ఉమ్రావు సింగ్ ఒక్కడే యున్న మూలచిత్రములయందే నాకు మక్కువ యెక్కువ.