ఇంటికో మానిక

మా పల్లెలో డిసెంబరు అంటే కోతల నెల, కిరస్మస్ నెల. పొద్దున్నే కొడవలి, రాత్రికి భజన. ఆ నెల్లో పురుడొచ్చిన ఆడమనిషికి మటుకు పండగా కష్టమే, కోతా కష్టమే. ఏడాది గింజలు సంపాదించుకునేది ఆ నెల రోజుల్లోనే. కోతకి పోకపోతే కూలి వడ్లు లేవు. పోతే పసిగుడ్డు గతేంటి?

నేను 1950 డిసెంబరు మొదటి వారంలో పుట్టాను. మొదటి కిరస్మస్ నాటికి మూడు వారాల పిల్లాణ్ణి. ఆ పండక్కి నాకేం కానుకలొచ్చినయ్యో మా నాయనమ్మ చెప్పగా చెప్పగా కళ్ళతో చూసినట్టే ఉండిద్ది. నాకొచ్చింది ఒక ఉన్ని టోపీ, ఇంటికో మానిక చొప్పున వడ్లు. ఎనిమిదేళ్ళ తర్వాత మా చెల్లికొచ్చింది ఒక పాలపొడి డబ్బా. టోపీ, డబ్బా, మానిక – ఈ మూడు కానుకల చరిత్ర రాస్తే మా మాదిగపల్లె చరిత్ర సగం రాసినట్టే.

మా నాయనమ్మ మంత్రసాని. ఊళ్ళో ఆసాముల బిడ్డలకి బొడ్డు కోసింది ఆమే. ఆ ఇళ్ళలో పుట్టిన ప్రతి బిడ్డనీ భూమ్మీద మొదట తాకింది మాదిగ చెయ్యి. పురుడయ్యేదాకా "రావే, పోవే, తల్లీ, కాపాడవే" అన్న నోళ్ళే, అయిన తర్వాత ఆమెని వాకిలి బయట నిలబెట్టేయి. ఒళ్ళో చాటెడు వడ్లు పోసి, మైలపడ్డ పాతచీర పైనుంచి పడేసేవాళ్ళు. ఆమె నడిచిన మేర పసుపునీళ్ళు చల్లుకునేవాళ్ళు. నాయనమ్మ ఆ చీరల్ని చవిటిమట్టితో ఉడకేసి, ఉతికి, ఎండకేసి, దాచిపెట్టేది. పల్లెలో ఎవరికి బిడ్డ పుట్టినా ఆ పాతచీరలతో కుట్టిన బొంత ఆ బిడ్డ కిందకి పోయేది. "కొత్తగుడ్డ గీసుకుద్దిరా, మెత్తంగా నలిగిన గుడ్డే బిడ్డకి సుఖం" అనేది. వాళ్ళు మైల అని పారేసిన గుడ్డలో మా పల్లె పిల్లలందరం నిద్రపోయాం.

ఇక మానిక సంగతి. దాని పుట్టుక చెప్పాలంటే ధాత కరువు దాకా పోవాలి.

1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని ఊడ్చేసిన కరువు అది. ఒంగోలు ప్రాంతంలో అప్పటికే అమెరికన్ బాప్టిస్టు మిషనుండేది. 1866లో తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట మావాళ్ళు ఇంటికింత చొప్పున కదిలారు. కరువులో సర్కారు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే పనికిపోయిన మాదిగోళ్ళని మేస్త్రీలు కొట్టి, కూలి ఎగ్గొట్టి తరిమారు. అప్పుడు జాన్ క్లౌ దొర మూడున్నర మైళ్ళ కాలువ పని తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. మావాళ్ళకి సక్రమంగా కూలి దొరికింది. తిండి కోసం మతంలోకి వచ్చారంటారని కరువు సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు.

ఇదంతా పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిది మా నాయనమ్మ అత్త చెప్పింది. ఆమె ఆ కాలువలో మట్టి మోసిన మనిషి. తొలిచూలు బిడ్డకి నెల నిండకముందే పనిలోకి వచ్చిందట. బిడ్డని తాటిచెట్టు నీడన గంపలో పడుకోబెట్టి గట్టెక్కబోతే కాళ్ళు వణికి కూలబడింది. తట్టల లెక్క తగ్గితే ఆ పూట గింజలు తగ్గుతయ్. అప్పుడు తోటి ఆడోళ్ళు ఒక మాటనుకున్నారు. తలా ఒక తట్ట ఎక్కువ మోశారు, ఆమె పేరున. ఆమె చెట్టుకింద కూర్చుని పాలిచ్చింది, లెక్క నిండింది. అందరూ ఎండుడొక్కలోళ్ళే. ఎవరి దగ్గరా ఇవ్వటానికి ఏమీ లేదు, ఒక తట్ట బరువు తప్ప. మైళ్ళ లెక్కా, బాప్తిస్మాల లెక్కా రాసినోళ్ళు ఈ తట్టల లెక్క రాసుకోలేదు.

కాలువ అయిపోయింది, కరువు పోయింది. మా పల్లెలో కిరస్మస్ మొదలైంది. తట్ట మానికైంది. కోతల్లో పనికిపోలేని బాలింతకి పండగనాడు ఇంటికో మానిక వడ్లు పోసేవాళ్ళు. అరవై గడప మాది. అరవై మానికలంటే పదిహేను కుంచాలు. బాలింత కోతకి పోకుండా ఇంటిపట్టున ఉండటానికి అవి చాలు. ఎవరూ మోత మోగించి ఇచ్చేది లేదు. గుడి అరుగు మీద గంప పెట్టేవాళ్ళు, చీకట్లోనే ఎవరి మానిక వాళ్ళు పోసిపోయేవాళ్ళు. ఎవరిది తలకొట్టి పోసిన మానికో, ఎవరిది వెలితి మానికో తెలిసేది కాదు. ఇచ్చినోడు పెద్ద కాదు, తీసుకున్నోడు చిన్న కాదు. ఈ ఏడు నాకు పోస్తే వచ్చే ఏడు నీకు పోస్తాను.

గుడిలో అయ్యగారు తూర్పు జ్ఞానుల కానుకల గురించి బోధిస్తుంటే మా నాయనమ్మ ముసిముసిగా నవ్వేది. "బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారంట. వాటిల్లో సాంబ్రాణి మటుకు తెలిసినోడు తెచ్చిందే. నీళ్ళు పోశాక బిడ్డకి పొగ వెయ్యొద్దా మరి?" అనేది. పశువుల కొట్టంలో పురుడంటే ఆమెకి వింతేం కాదు. "ఆ మరియమ్మకి నీళ్ళు కాచిందెవరు? కాయం ముద్ద పెట్టిందెవరు? ఆ మాట రాయలేదేం?" అని అడిగితే అయ్యగారు తల గోక్కునేవాడు.

నా ఉన్ని టోపీ మిషనాసుపత్రి నుంచి వచ్చింది. అమెరికాలో బాప్టిస్టు స్త్రీలు 'వైట్ క్రాస్' పేరుతో జట్లుగా కూడి, మిషనాసుపత్రుల కోసం గాయాల పట్టీలు చుట్టి, పసిపిల్లల బట్టలు కుట్టి పెట్టెల్లో పంపేవాళ్ళు. ఎర్రటి ఉన్ని, చెవుల మీదుగా గడ్డం కింద ముడేసుకునే తాళ్ళు. పెడితే నేను గుక్కపెట్టి ఏడ్చానంట. తీస్తే మానానంట. "మన ఎండ వాళ్ళకేం తెలుసు? చలిదేశపోళ్ళు, వాళ్ళ బిడ్డని తలుచుకుని అల్లారు" అంది నాయనమ్మ. అట్టని పారెయ్యలేదు. "ఏ తల్లో కళ్ళు కాయలు కాసేట్టు అల్లింది, ఊరికే పోనివ్వకూడదు" అని ఉన్ని విప్పి, చిలకలు చేసి నా ఉయ్యాలకి కట్టింది. నేను మొదట చూసి నవ్వింది ఆ ఎర్రచిలకల్నేనంట. దూరం నుంచి పంపిన కానుకకి మనసుంది, కళ్ళు లేవు. ఆ కళ్ళు నాయనమ్మ ఇచ్చింది.

మూడోది డబ్బా. ఇది చెప్పటం నాకు కష్టం.

1958 నవంబరు ఆఖర్న మా చెల్లి పుట్టింది. మా మేనమామ అప్పుడే టవున్లో మాస్టరుద్యోగంలో చేరాడు. మా కులంలో జీతం తీసుకున్న మొదటి తరం. అక్క బిడ్డకి తొలి కిరస్మస్ అని మొదటి జీతాల్లోంచి దాచి పాలపొడి డబ్బా కొనుక్కొచ్చాడు. డబ్బా మీద బొద్దుగా, తెల్లగా నవ్వే పిల్ల బొమ్మ. పల్లెంతా వచ్చి చూసిపోయింది. మా యమ్మ మొహంలో ఆ రోజున్న వెలుగు నాకింకా గుర్తే. "మాకు డబ్బా వచ్చింది, ఈ ఏడు మానికలు వేరే వాళ్ళకియ్యండి" అంది. ఆ మాటలో గర్వం ఉంది. ఎప్పుడూ తీసుకునే చెయ్యి కాదు మాది అని చెప్పుకోవాలని ఉండదా ఎవరికైనా?

పండగ మర్నాడే అమ్మ కుప్పనూర్పిళ్ళకి పోయింది. బిడ్డని నాకూ నాయనమ్మకీ ఒప్పజెప్పింది. చెరువునీళ్ళలో పొడి కలిపి పట్టేవాళ్ళం. నాయనమ్మ పురుళ్ళోకి పిలుపొచ్చి పోతే నేనే కలిపేవాణ్ణి. డబ్బా అయిపోతుందని రోజురోజుకీ పొడి తగ్గించాం, నీళ్ళు పెంచాం. విరేచనాలు పట్టుకున్నయ్. సంక్రాంతి రాకముందే చెల్లి పోయింది. అమ్మ చనుబాలు చీరంతా తడిపేసేయి, తాగే నోరు లేదు.

మామయ్యని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన ప్రేమలో లోటేముంది? చేతిలో ఉన్నదంతా పెట్టి కొన్నాడు. కానీ ఆ కానుక బిడ్డని చూసింది, తల్లిని చూడలేదు. బిడ్డ నోట్లో ఇంకో పాలు పెట్టి తల్లిని కల్లానికి పంపింది. మానిక పన్జేసేది సరిగ్గా దీనికి తిరగేసి. అది బిడ్డకి ఏమీ ఇయ్యదు, తల్లిని బిడ్డ దగ్గర ఉంచుద్ది, అంతే. ఆ తర్వాత మామయ్య ఏ పురిటింటికి పోయినా ఒట్టి చేతుల్తోనే పోయేవాడు. పోయి రెండు కావిళ్ళ మంచినీళ్ళు మోసిచ్చి, పొయ్యి రాజేసి నీళ్ళు కాచి, చెప్పకుండా వచ్చేసేవాడు.

1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సభలో పాలడబ్బాల అమ్మకాల మీద నియమావళి పెట్టారు. మన దేశంలో 1992లో చట్టమొచ్చింది. పాలడబ్బాలకి ప్రకటనలు ఇయ్యకూడదు, తల్లులకి ఉచితంగా పంచకూడదు అన్నారు. మా చెల్లి పోయిన ముప్ఫైనాలుగేళ్ళకి.

బాలింతకి సెలవు కావాలన్నది మాత్రం ఢిల్లీకి ముందే తెలుసు. 1961లోనే ప్రసూతి ప్రయోజన చట్టం చేశారు. 2017లో ఆ సెలవుని ఇరవయ్యారు వారాలు చేశారు. అయితే అది ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో, దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి. వరికోత కూలికి యజమాని ఎవరు, హాజరుపట్టీ ఎక్కడుంది? నా భార్య టీచరు. మా పెద్దాడు పుట్టినప్పుడు ఆమెకి జీతంతో సెలవిచ్చారని చెప్తే మా యమ్మ నమ్మలేదు. "ఇంటికాడుంటే డబ్బులిస్తారా?" అని రెండుసార్లు అడిగి, లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. 2013 ఆహారభద్రత చట్టం బాలింతకి కనీసం ఆరువేలు అంది. 2017లో పథకం పెట్టినప్పుడు తొలిచూలుకి అయిదువేలు అన్నారు. అదే ఏడు తెలంగాణ సర్కారు ఇచ్చిన కేసీఆర్ కిట్‌లో బిడ్డ సబ్బూ, దోమతెరతో పాటు తల్లికి చీరలు కూడా పెట్టారని చదివి, పెట్టెలోకి తల్లి కూడా వచ్చిందిలే అనుకున్నాను.

ఇప్పుడు నేను టవున్లో ఉంటున్నాను. మొన్నామధ్య కిరస్మస్ ముందు మా సంఘం యూత్ పిల్లలొచ్చి, "తాతా, ఈ ఏడు పుట్టిన బిడ్డలకి ఏం కానుకలు కొందాం?" అని అడిగారు. వాళ్ళ జాబితాలో పెద్ద ఎలుగుబంటి బొమ్మ ఉంది, మెరుపుల గౌను ఉంది. ఆ బిడ్డల్లో ఒకామె తల్లి వీధులూడ్చే కాంట్రాక్టు పని చేస్తది. రాకపోతే కూలి లేదు. రెండు నెలలు రాకపోతే ఆ చీపురు ఇంకొకరి చేతిలోకి పోద్ది. "ముందు ఆమెని అడిగొచ్చారా?" అన్నాను. మొహాలు చూసుకున్నారు. అప్పుడు కూర్చోబెట్టి ఈ మానిక కథంతా చెప్పాను, చెల్లి సంగతితో సహా.

నా భార్య వాళ్ళని వెంటబెట్టుకుని ఆ ఇంటికి పోయింది. ఆమె అడిగింది రెండే. ఇంకో నెల ఇంట్లో ఉండే దారి, తన చోటు పోకుండా మేస్త్రీతో ఒక మాట. పిల్లలు ఇంటింటికీ తిరిగి తలా ఒక రోజు కూలి పోగుచేశారు. నలుగురు పెద్దలం మేస్త్రీ దగ్గరికి పోయి, ఆమె అత్త ఆ నెల బదులు ఊడ్చేట్టు ఒప్పించి వచ్చాం. మా ఇంట్లో నలిగిన నూలుచీరలు నాలుగు ఉతికిచ్చాం. సాంబ్రాణి పొట్లం నేను కొన్నాను, నాయనమ్మ పేరున.

పండగ ముందురోజు చీకటిపడ్డాక పిల్లలు కవరు ఇచ్చొచ్చారు. ఆమె గడపలోకొచ్చి, "ఇది ఎప్పుడు తీర్చాలమ్మా?" అని నా భార్యనడిగింది.

"వచ్చే ఏడు ఎవరో ఒకామెకి పురుడొచ్చిద్దిగా, అప్పుడు నీ మానిక పొయ్యి" అంది ఆమె.